చల్లారిన అన్నము, వెల్లుల్లి, గ్రుడ్డు: ఫిలిప్పీనుల ప్రాతరాశము

రాత్రి వండిన అన్నము తెల్లవారునప్పటికి గిన్నెలో మిగిలియున్నచో దానినేమి చేయవలెనను ప్రశ్న వరి తిని బ్రదుకు జాతులన్నిటికిని ఎదురైనదే. మనవారు దానిలో మజ్జిగ పోసి, ఉల్లిపాయయో ఆవకాయబద్దయో నంజుకొని, చద్దన్నమని తరతరములుగా తినుచున్నారు. అది రుచింపనినాడు ఆవాలు, ఎండుమిరపకాయలు, కరివేపాకు వేసి తాలింపు పెట్టుకొనుచున్నారు. పసిఫిక్ మహాసముద్రపు పడమటి అంచున 7,641 దీవులుగా చెదరియున్న ఫిలిప్పీను దేశపు ప్రజలు, ఆ చల్లారిన అన్నమునే వెల్లుల్లి వేగిన నూనెలో వేసి, గింజ గింజకు నూనె పట్టునట్లు వేయించి, పైన ఉప్పు చల్లి, ప్రక్కనొక కోడిగ్రుడ్డును వేపి పెట్టుకొని, ఆ జోడింపును తమ దేశమంతటికిని ప్రాతరాశముగా నిలుపుకొనిరి.

వేయించిన అన్నమును వారు సినంగాగ్ అందురు. గ్రుడ్డును ఇత్లోగ్ అందురు. ఆ రెంటిని అతికి సిలోగ్ అని పొట్టిపేరు పెట్టుకొని, దాని ముందు ప్రక్కవంటకపు పేరులోని తొలి ముక్కను చేర్చుకొనుట వాడుక. ఉప్పులో ఊరవేసిన ఎద్దుమాంసము తాపా తోడుగా వచ్చినచో తాప్సిలోగ్. తీపి పట్టించిన పందిమాంసము తోసినో వచ్చినచో తోసిలోగ్. లొంగనీసా అను సాసేజి వచ్చినచో లోంగ్‌సిలోగ్. బంగుస్ అను చేప వచ్చినచో బాంగ్‌సిలోగ్. డబ్బామాంసమునకును హాట్‌డాగునకును కూడ ఇట్టి పేర్లే కట్టి పూటకూళ్ళవారు గోడలనిండ వ్రాయుదురు. ఆ పట్టికయంతయు చదివి వినిపించుట నా ఉద్దేశము కాదు. ఎన్ని పేర్లున్నను కడపటి రెండక్షరములు మారవు. అన్నమును గ్రుడ్డును లేనిదే సిలోగ్ లేదు.

ఈ పళ్ళెమును మొదటిసారి చూచువాని దృష్టి సహజముగా మాంసము మీదనే నిలుచును. పాకము పట్టి ఎర్రగా మెరయుచున్న తోసినోయో, అంచులు నల్లబారిన తాపాయో ఎదుట కనబడుచుండగా, అన్నము ఏదో కొఱత తీర్చుటకు పెట్టిన వస్తువని భ్రమ కలుగును. నిజమునకు సంగతి తలక్రిందుగా నున్నది. అన్నమే యజమాని; మాంసము, చేప, గ్రుడ్డు, పుల్లని సిర్కా, ఇవన్నియు ఆ అన్నమును గొంతు దింపుటకై ఏర్పడిన పరివారము. తాపా అంత ఉప్పగా నుండుటకును, తోసినో అంత తియ్యగా నుండుటకును కారణమిదియే: వేలెడు ముక్కతో నాలుగైదు ముద్దలు పోవలెనని వంటచేయువారి లెక్క. మాంసము సమృద్ధిగా దొరకని ఇండ్లలో, వంటిల్లు చూచుకొను ఇల్లాండ్రు వేసిన లెక్క ఇది. నేడు హోటళ్ళలో అరచేతి వెడల్పు మాంసఖండములను పేర్చి దీనిని వైభవముగా వడ్డించుచున్నను, దీని పుట్టుక పొదుపులో నున్నదన్న సంగతి మరచినవాడు దీనిని సరిగా వండలేడని నా నమ్మకము. ఏలయన అట్టివాడు మాంసము మీద పెట్టిన శ్రద్ధను అన్నము మీద పెట్టడు.

వంటకము పాతదే కాని పేరు క్రొత్తది. రాజధాని మనీలాకు చేరువనున్న మరికినా నగరము చెప్పుల పరిశ్రమకు ప్రసిద్ధము. ఆ ఊర వివియన్ దెల్ రొసారియో అను ఆమె 1980 దశకమున నడపిన చిన్న భోజనశాలయే తాప్సిలోగ్ అను పేరునకు పుట్టినిల్లని సామాన్యముగా చెప్పుకొందురు. ఆ దశకముననే ఇట్టి తాప్సిహాన్‌లు, అనగా తాపాయు సినంగాగును దొరకు చిన్న పూటకూళ్ళు, మనీలా వీథులలో పెరిగినవి. జీప్నీ బండ్లు తోలువారు, పరీక్షలకై మేలుకొనిన విద్యార్థులు, రాత్రి పనులు ముగించి వచ్చు కార్మికులు, మద్యపానానంతరము కడుపు నింపుకొనగోరు మిత్రబృందములు, ఇందరికిని ఏ వేళనైనను వేడిగా అందు భోజనము కావలసివచ్చినది. అందుచేత ప్రాతరాశము అర్ధరాత్రమునకును పాకినది. మనవైపు ఇడ్లీ రాత్రి పదిగంటల బండ్లమీదికి ఎక్కుట చూచినవారికి ఇందు వింత తోపదు.

ఇక అన్నము సంగతి. లగూనా రాష్ట్రమున, మాకిలింగ్ పర్వతపు పాదమున నున్న లోస్ బాన్యోస్ అను పట్టణమునందు 1960లో అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ స్థాపింపబడినది. ఆ సంస్థ 1966లో విడుదల చేసిన ఐ.ఆర్. 8 అను పొట్టి వంగడము ఆసియా ఖండపు వరిపంట చరిత్రనే మార్చినదని మన రైతుకుటుంబములకు వేరుగా చెప్పనక్కరలేదు. మరుసటి యేడే పశ్చిమ గోదావరి జిల్లా ఆచంటలో నెక్కంటి సుబ్బారావు అను రైతు దానిని తన చేలలో పండించి, అంతవరకు ఆ ప్రాంతము కనివిని యెరుగని దిగుబడి తీసి, విత్తనమును దేశమునకు పంచి, ఐ.ఆర్. 8 పేరుతోనే పిలువబడినాడు. దిగుబడి గొప్పదే కాని తినుటకు ఆ బియ్యము అంత ఇంపైనది కాదు. గింజ సుద్దవలె తెల్లనిది, మిల్లులో విరుగునది. వండిన అన్నము చల్లారిన కొలది బిరుసెక్కునది. అందులో అమైలోజ్ అను పిండిపదార్థపు పాలు హెచ్చుగా నుండుటయే ఆ బిరుసుదనమునకు హేతువు.

తినువారు తప్పుపట్టిన ఆ గుణమే, కొంత మితముగా నున్నప్పుడు, సినంగాగునకు ప్రాణము. బియ్యము ఉడుకునప్పుడు గింజలోని పిండికణములు నీటిని పీల్చి ఉబ్బి మెత్తబడును. వేడిగా నున్నంతసేపు వాని ఉపరితలము జిగటగా నుండును. అట్టి వేడి అన్నమును బాణలిలో వేసి కలిపినచో గింజలు నలిగి ముద్దయై కూర్చుండును. చల్లారినపుడు అమైలోజ్ పోగులు మరల ఒండొంటి ప్రక్క చేరి బిగిసికొనును. గింజ గట్టిపడును, పైతడి ఆరును, పొడిపొడిగా విడివడును. కనుక ముందునాటి అన్నమును వాడుట కేవలము పొదుపునకే కాదు, ఈ వంటకమునకు అది లేనిదే రూపము రాదు. అప్పటికప్పుడు కుక్కరులో వండి, పంకా క్రింద ఆరబెట్టి ఈ పని సాగింపవచ్చునని కొందరందురు. సాగునుగాని, గింజకు ఆ కుదురు రాదు. మన ఇండ్లలో వాడు బి.పి.టి. 5204 వంటి సన్నబియ్యము ఇందులకు బాగుగనే పనికివచ్చును, వండునపుడు నీరు కొంచెము తగ్గించి, పలుకు మిగులునట్లు దింపుకొన్నచో చాలును. బాస్మతి వలదు, దాని సువాసనయు వెల్లుల్లి వాసనయు పొసగవు, పైగా ఆ పొడుగు గింజ గరిటె తాకిడికి విరుగును.

ఇచ్చట ఒక హెచ్చరిక చెప్పక తప్పదు. బియ్యములో బాసిల్లస్ సిరియస్ అను సూక్ష్మజీవి బీజరూపమున దాగియుండును. ఎసరు మరిగినను ఆ బీజములు చావవు. వండిన అన్నమును వెచ్చని వంటింటిలో రాత్రియంతయు మూత పెట్టి వదలినచో అవి మొలకెత్తి, వృద్ధిపొంది, వాంతులు కలిగించు ఒక విషమును అన్నములో విడువగలవు. ఆ విషము మరుసటి ఉదయపు బాణలి వేడికి నశించునది కాదు. వెనుకటివారు కుండలోనే వదలి తినలేదా యని వాదించుట సులభము. ఎందరు కడుపునొప్పితో పడియుండిరో లెక్క వ్రాసినవారు లేరు. రాత్రి భోజనము కాగానే మిగిలిన అన్నమును వెడల్పైన పళ్ళెరములో పలుచగా పరచి, వేడి తగ్గినవెంటనే మూతగిన్నెలో ఫ్రిజ్జునకు ఎక్కించుట ఉత్తమము. ఫ్రిజ్జు చలువలో అన్నము బిగియుటయు త్వరగా జరుగును.

నలుగురికి సినంగాగ్ చేయుటకు నాలుగు గిన్నెల చల్లని అన్నము, ఒక నిండు వెల్లుల్లిగడ్డ, మూడు పెద్ద చెంచాల నూనె, అర చిన్నచెంచా ఉప్పు చాలును. వెల్లుల్లి ఎక్కువయినదని భయపడనక్కరలేదు. గడ్డకు పది పండ్రెండు రెబ్బలున్నచో అన్నియు వేయవలసినదే. ముందుగా అన్నమును చేతితో విడదీయవలెను. చేయి తడుపుకొని, గడ్డలను వ్రేళ్ళమధ్య నొక్కుచు, నలపకుండ వదులు చేయుట ఫిలిప్పీను ఇల్లాండ్రు చేయు పని. గరిటెతో చేయబోయినచో బాణలిలో గడ్డ పగులును గాని గింజ విడదు. వెల్లుల్లిని పొట్టు తీసి, కత్తి బల్లపరుపు భాగముతో ఒక్క దెబ్బ కొట్టి చితుకగొట్టి, పిమ్మట సన్నగా తరుగుదురు. మిక్సీలో ముద్ద చేయుట కూడదు. ఆ ముద్దలోని నీరు నూనెలో చిటపటలాడి, అడుగంటి, చేదెక్కును.

నూనె చల్లగా నుండగనే వెల్లుల్లిని వేసి, సన్నని సెగ పెట్టుట ఇందలి కీలకము. కాగిన నూనెలో వేసినచో తరుగు పైన మాడి లోన పచ్చిగా మిగులును. చల్లని నూనెతోపాటు వేడెక్కినచో లోని తడి మెల్లగా పోయి, వాసనయంతయు నూనెకు దిగును. మొదట ఏ చప్పుడును ఉండదు. కొంతసేపటికి తరుగు చుట్టును సన్నని బుడగలు లేచి, కలుపుచున్న కొలది నురుగు కట్టి, ఆ నురుగు తగ్గునప్పటికి వెల్లుల్లి ఎండుగడ్డి రంగునకు వచ్చును. అప్పుడు తీయవలెను. ఇంకను ఎర్రబడనిమ్మని ఆశపడినవాడు చెడును, ఏలయన నూనెలోనుండి తీసిన తరువాతను తనలోని వేడిచేతనే అది మరి కొంత రంగు ఎక్కును; బాణలిలో గోధుమరంగునకు వచ్చినది పళ్ళెరములో చేదగును. చిల్లులగరిటెతో సగము పైగా తీసి ఒక కాగితముపై పరచి, మిగిలిన దానిని నూనెలోనే యుంచవలెను.

ఇక సెగ పెంచి అన్నము వేయవచ్చును. అట్లకాడతో అడుగునుండి తిరగవేయుచు, మధ్య మధ్య అన్నమును బాణలికి అద్ది అరనిమిషము కదపక వదలివేయవలెను. అప్పుడు క్రింది గింజలు ఇంచుక వేగి కరకరలాడును. ఊరక కలుపుచునే యుండుట ఆత్రము తప్ప వంట కాదు. అన్నము పొగలు చిమ్ముచు, ఒక్కొక్క గింజ బాణలిలో చిన్నగా ఎగిరిపడునంత తేలికయైనపుడు ఉప్పు చల్లి, తీసిపెట్టిన వెల్లుల్లిలో కొంత కలిపి, తక్కినది వడ్డించునపుడు పైన చల్లుదురు. ఇంతటితో సినంగాగ్ సిద్ధము. సోయా సాస్, కారెట్టు, బీన్సు, కాప్సికము, అజినమోటో ఏదియు ఇందు చేరదు. మన పట్టణములలో ఫ్రైడ్‌రైస్ అని అమ్ము రంగురంగుల పదార్థమునకు అలవాటుపడినవారికి ఇది వెలవెలబోయినట్లు తోచవచ్చును. కాని ప్రక్కనున్న మాంసము ఉప్పు, తీపి, కారము మోయుచుండగా అన్నము కూడ అవే మోసినచో తినువానికి విశ్రాంతి ఎక్కడిది? సినంగాగ్ వెలితిగా నుండుట దాని మర్యాద.

అనుభవము గల ఇండ్లలో మరియొక క్రమము పాటింతురు. ముందుగా మాంసమును వేయించి, అది బాణలిలో వదలిన క్రొవ్వులో వెల్లుల్లియు అన్నమును వేయించి, కట్టకడపట గ్రుడ్లు వేయుదురు. ఒకే బాణలి, ఒకే నూనె, తోముటకు ఒకే పాత్ర. లొంగనీసా వేగిన నూనె ఎర్రగా, వెల్లుల్లి ఘాటుతో నుండి అన్నమునకు ఇంకొక రుచిని అంటించును. పాకము మాడి నల్లబారినచో మాత్రము ఆ నూనెను పారవేయుటయే మేలు.

గ్రుడ్డును వారు ఎక్కువగా కదపకుండ, పచ్చసొన పైకి కనబడునట్లు వేయింతురు. మన హోటళ్ళలో హాఫ్‌బాయిల్ అని పిలుచు పద్ధతికి ఇది దగ్గర, నూనె మాత్రము ఎక్కువ. రెండు మూడు చెంచాల నూనె బాగుగా కాగిన తరువాత గ్రుడ్డును ముందొక చిన్నగిన్నెలో పగులగొట్టి, మెల్లగా బాణలిలోనికి జార్చినచో, తెల్లసొన అంచులు వెంటనే ఉబ్బి, గోధుమరంగు జాలరువలె ముడుచుకొనును. బాణలిని ఒక ప్రక్కకు వంచి, చేరిన వేడినూనెను చెంచాతో తెల్లసొన మీద పోయుచుండవలెను, పచ్చసొన మీద కాదు. నిమిషము, నిమిషమున్నరలో తెల్లసొన గట్టిపడును, పచ్చసొన ద్రవముగనే యుండును. ఆ పచ్చసొన అన్నము మీద పగిలి పొడిగింజలకు పూతవలె పట్టుటయే ఈ భోజనమునకంతటికిని పులుసు, పప్పు, నేయి అన్నియు. అందుచేతనే సిలోగ్ పళ్ళెములో రసమును గాని కూరను గాని ప్రత్యేకముగా పెట్టరు. గర్భవతులకును పసిపిల్లలకును మాత్రము పచ్చసొన గట్టిపడువరకు వేయించుట క్షేమము.

కోడిగ్రుడ్డునకు మారుగా కొందరు ఉప్పుగ్రుడ్డు పెట్టుకొందురు. బాతుగ్రుడ్లను ఉప్పు కలిపిన బంకమన్నులో గాని ఉప్పునీటిలో గాని రెండు మూడు వారములు ఊరవేసి, ఉడికించి, పచ్చిగ్రుడ్లతో కలిసిపోకుండుటకై పెంకునకు గులాబిరంగు పూసి బజారునకు తెత్తురు. మనీలా సమీపమునందలి పతేరోస్ బాతుల పెంపకమునకు బహుకాలముగా పేరొందినది. టమాటా ముక్కలు తరిగి ఈ గ్రుడ్డుతో కలిపినచో, ఉప్పు పులుపు సరిపడి, సినంగాగునకు అంతకన్న చవుకైన, అంతకన్న మేలైన జోడు వేరొకటి లేదు. పేరుమోసిన మాంసములన్నిటికంటె నేను దీనికే పెద్దపీట వేయుదును.

ఆ మాంసములలో తాపాను చెప్పవలెనన్నచో, పూర్వము పలుచగా కోసిన మాంసమునకు ఉప్పు పట్టించి ఎండలో వరుగు చేయువారు. నేడు చాలచోట్ల ఎండ లేదు, సోయా సాస్, వెల్లుల్లి, మిరియాలు, కొంచెము చక్కెర, కలమన్సి అను చిన్ని నిమ్మపండు రసము, వీనిలో రాత్రియంతయు ఊరవేసి వేయించుటతో సరి. తోసినో పంపాంగా ప్రాంతపువారి చేతిపని. చక్కెర పట్టించిన పందిమాంసము. దాని ఎరుపులో ఎంత పాకము వలన, ఎంత రంగు వలన వచ్చినదో అమ్మువానికే తెలియును.

లొంగనీసా విషయమున ఒక్కొక్క ఊరు తన జెండా ఎత్తుకొనియుండును. స్పానిషువారి మూడువందల యేండ్లకు మించిన పాలనలో సాసేజి చేయు విద్య వచ్చినదేగాని, లోపలి మసాలా ఊరూర మారిపోయినది. లుజోన్ దీవి ఉత్తరమున, రాతివీథులతో నిలిచి 1999లో యునెస్కో వారసత్వ పట్టికకెక్కిన విగాన్ నగరమున ఇది వ్రేలెడు పొడవుతో, పుల్లగా, స్థానికమైన చిన్నరెబ్బల వెల్లుల్లి ఘాటుతో నుండును, కేసోన్ రాష్ట్రపు లుక్బాన్ పట్టణమున ఒరేగానో ఆకు వాసన ముందుకు వచ్చును, పంపాంగావారిది తియ్యన. వండు రీతి అన్నిటికి ఒక్కటే, మన వంటవారు తెలిసికొనదగినది. నూనె వేయక, లొంగనీసాలను పెనములో పరచి, అవి సగము మునుగునంత నీరు పోసి మరిగింతురు. నీరు ఇగురుచున్న కొలది లోపలి మాంసము ఉడుకును. నీరంతయు పోయిన క్షణమున వానినుండి దిగిన క్రొవ్వే అడుగున మిగిలి, అందులోనే అవి వేగును. తీపిరకమైనచో ఆ క్షణమునుండి పొయ్యి దగ్గరనుండి కదలరాదు, చక్కెర పాకమునకు వచ్చుటకును మాడుటకును మధ్య వ్యవధి చాల స్వల్పము.

బంగుస్ మనకు పరాయిది కాదు. మన కోస్తా కయ్యలలోను ఉప్పుటేరులలోను పాలబొంత అని పిలుచు చేపయే అది. పంగాసినాన్ రాష్ట్రమందలి దగుపాన్ నగరము ఈ చేపకు రాజధాని యనదగును. పాలబొంత తినినవారికి దానితో వచ్చు చిక్కు తెలియును: వెండ్రుకలవంటి ముండ్లు కండరములలో లెక్కకు మించి అడ్డదిడ్డముగా నుండును. దగుపానువారు చేపను వీపుప్రక్కన చీల్చి తెరచి, శ్రావణముల వంటి చిన్న పనిముట్టుతో ఒక్కొక్క ముల్లును లాగివేయు నేర్పు సంపాదించి, దానినే ఒక వృత్తిగా చేసికొనిరి. అట్లు తెరచిన చేపను సిర్కా, దంచిన వెల్లుల్లి, మిరియాలలో రాత్రి ఊరవేసి, తడి తుడిచి, చర్మము కరకరలాడునట్లు వేయింతురు. మన తీరమున ఈ ముండ్లు తీయు పని ఎవరైన చేపట్టినచో పాలబొంతకు ఇంకొంత గిరాకి పెరుగునని నాకు తోచును. ఇక బంగుసునకు కూడ స్తోమత లేని ఇండ్లలో తుయో అను ఎండుచేపలున్నవి. వానిని వేయించునపుడు ఇరుగుపొరుగులకు వేరుగా కబురు పంపనక్కరలేదు.

ఇంత క్రొవ్వు, ఇంత నూనె సాఫీగా దిగుటకు ప్రక్కన చిన్నగిన్నెలో సిర్కా ఉండితీరవలెను. ఇలోకోస్ ప్రాంతమున చెరకురసమునుండి, బులకాన్ రాష్ట్రపు పవొంబోంగులో నీపా తాటిచెట్టు కల్లునుండి, ఇతర దీవులలో కొబ్బరికల్లునుండి పులియబెట్టి సిర్కా చేయుదురు. అందులో చితికిన వెల్లుల్లి, మిరియాలు, చీమంతలేసి ఘాటైన మిరపకాయలు వేసి, ఎవరికి తగినంత వారు ముక్కను ముంచుకొందురు. రుచిని కడపట సరిదిద్దు అధికారము వంటచేసినవారిది కాక తినువారిదే యగుట ఫిలిప్పీను భోజనమందు నాకు మిక్కిలి నచ్చిన గుణము. పచ్చిబొప్పాయి కోరుతో పెట్టిన తీపిపులుపుల ఊరగాయ కూడ ఆ పనికే వచ్చును.

తోసినోతోను హాట్‌డాగుతోను అరటికెచప్ పెట్టుకొనువారును కలరు. టమాటాలకు మారుగా అరటిపండ్లతో కెచప్ చేయు ఉపాయమును మరియా ఒరోసా అను రసాయనశాస్త్రవేత్తకు ఆపాదింతురు. అమెరికాలో చదివి స్వదేశమునకు మరలివచ్చి, దిగుమతి తిండిమీద ఆధారపడకుండ తమ నేలలో పండిన వానినే నిలువచేయు విధములను పల్లెస్త్రీలకు నేర్పుటకు జీవితమును ధారవోసిన విదుషి ఆమె. జపానువారి ఆక్రమణకాలమున నిర్బంధశిబిరములలోని ఖైదీలకు రహస్యముగా పోషకాహారము పంపినది. 1945 ఫిబ్రవరిలో మనీలా యుద్ధమున ఫిరంగిగుండు ముక్కలు తగిలి మరణించినది. బల్లమీది ఎర్రసీసాను చూచినపుడు ఆమె పేరు తలచువారు ఆ దేశముననే తక్కువ.

మాంసము తినక గ్రుడ్డు తినువారు మన పాఠకులలో అనేకులుందురు గనుక తోర్తాంగ్ తలోంగ్ అను వంటకమును చెప్పి తీరవలెను. పొడవైన వంకాయను తొడిమ తీయక మంటమీద కాల్చి, నల్లబడిన తోలు ఒలిచి, తొడిమ పట్టుకొని కండను ఫోర్కుతో విసనకర్రవలె అణచి పరచి, ఉప్పువేసి గిలకొట్టిన గ్రుడ్డులో ముంచి, పెనముమీద రెండువైపుల ఎర్రగా కాల్తురు. పచ్చడికై వంకాయ కాల్చుట తెలిసిన చేతులకు ఇందు క్రొత్తగా నేర్వవలసినది అణచుట ఒక్కటే. దానిని సినంగాగ్ ప్రక్కన, సిర్కా తోడుగా వడ్డించినచో ఏ మాంసమునకును లోటు తోపదు. వైద్యవిద్యకై దవావోకును మనీలాకును వెళ్ళిన తెలుగు విద్యార్థులలో ఇంటి అలవాట్లు విడువలేనివారికి ఇది కనిపెట్టుకొనదగిన ఆశ్రయము. వెల్లుల్లి అన్నము, వేయించిన గ్రుడ్డు మాత్రమే కావలెనని అడిగినచో ఏ చిన్న పూటకూటిలోనైనను దొరకును.

ఈ భోజనము ప్రతిదినము తినదగినదేనా యని అడుగువారికి సూటిగా చెప్పవలెనన్నచో, పొలములో నడుము వంచువానికి తగినది, కుర్చీలో కూర్చుండువానికి బరువైనది. ఉప్పు, చక్కెర, క్రొవ్వు మూడును మాంసములోనే పేరుకొనియున్నవి గనుక, ఆ ముక్కను చిన్నది చేసికొని టమాటా, దోసకాయ చక్రములను పెంచుకొనుట మంచిది. అది ఆ వంటకపు పాతలెక్కకును సరిపోవును.

వడ్డన గురించి చెప్పవలసినది స్వల్పము. గిన్నెలో అన్నము నొక్కి పళ్ళెములో బోర్లించి, ప్రక్కన గ్రుడ్డు జార్చి, మాంసము పేర్చి, ఇంచుక వేగిన వెల్లుల్లి చల్లి ఇత్తురు. కుడిచేత చెంచా, ఎడమచేత ఫోర్కు పట్టి, ఫోర్కుతో ముద్దను చెంచాలోనికి నెట్టుకొని తినుట అచ్చటి నాగరికము. కత్తి బల్లమీదకు రాదు. ఇండ్లలో చేతితో తినువారును కలరు, పచ్చసొన కలిసిన అన్నమునకు అదే సుఖము.

తరువాత కాఫీ. బతాంగాస్ రాష్ట్రమున పండు బరాకో కాఫీ మన అరబికా, రోబస్టాలకు చెందినది కాదు, లైబీరికా అను మూడవ జాతిది. గింజ పెద్దది, ఘాటు మొరటుది. అక్కడి లిపా పట్టణమునకు ఒకప్పుడు కాఫీవలన అపారమైన సంపద వచ్చినది, 1880 దశకాంతమున ఆకుత్రుప్పు తెగులు తగిలి ఆ తోటలు పోయినవి, మిగిలిన చెట్ల పానీయమును మాత్రము జనులు విడువలేదు. పల్లెలలో ఆ నల్లని కాఫీని వట్టి అన్నముమీద పోసికొని పిల్లలు సైతము తినెడి వాడుక కలదు. కూర లేని ఉదయమున అదియే కూర. సినంగాగ్ కొఱకు ఇంత వ్రాసిన నాకు, ఆ పని చేసి చూచుటకు మాత్రము ఇంతవరకు మనసొప్పలేదు.